రోగికి ఏం పెట్టకూడదో అందరికీ తెలుసు

"ఏం తినకూడదు మేడం?"

ఆస్పత్రిలో డైటీషియన్‌గా నేను ఎక్కువగా వినే మాట ఇదే. షుగర్ అయినా, కిడ్నీ అయినా, కాన్పు అయినా, కాలు విరిగినా ప్రశ్న మారదు. "ఎంత తినాలి?" అని అడిగేవాళ్లు ఎప్పుడో గానీ రారు. వాళ్లు అడగరు, మేమూ చెప్పం. మేమిచ్చే డైట్ చార్టులో ఒకవైపు ఆకుపచ్చ రంగులో తినదగినవీ, ఇంకోవైపు ఎర్ర రంగులో తినకూడనివీ అచ్చేసి ఉంటాయి. ఇంటికెళ్లాక కోడలికీ, కొడుక్కీ, చూడ్డానికొచ్చిన చుట్టాలకీ అందరికీ గుర్తుండేది ఆ ఎర్ర వరుసే.

మన దగ్గర రోగి భోజనం గురించిన ఆలోచనంతా ఏది ఆపాలా అన్న దగ్గరే ఆగిపోతోంది. ఈ రోగి కడుపులోకి రోజుకి ఎంత వెళ్లాలో లెక్కకట్టడం, అది వెళ్లిందో లేదో చూడటం మా వృత్తిలో మొదటి పని అని నా వాదన. ఆపాల్సినవి ఏమైనా ఉంటే ఆ తర్వాత. వినడానికి ఇందులో వాదించడానికేముంది అనిపిస్తుంది. వార్డులో ఒక వారం తిరిగితే ఉందని తెలుస్తుంది.

ఇదంతా రాయాలనిపించడానికి కారణం జూనియర్లకి టీబీ మీద ఒక క్లాసు చెప్పడం కోసం రేషన్స్ అనే అధ్యయనాన్ని మళ్లీ చదవడం. జార్ఖండ్‌లో 2019 నుంచి 2022 దాకా జరిగింది, 2023లో లాన్సెట్ వైద్య పత్రికల్లో వచ్చింది. 2,800 మంది టీబీ రోగులు, వాళ్ల ఇళ్లలో ఉండే 10 వేల మందికి పైగా. రోగులందరికీ నెలనెలా తిండి సరుకులు ఇచ్చారు. ఇంట్లోవాళ్లని మాత్రం రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి మనిషికి నెలకి 5 కిలోల బియ్యం, ఒకటిన్నర కిలోల పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. అవి అందిన ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. కొత్త మందు లేదు, టీకా లేదు. బియ్యం, పప్పు, విటమిన్ మాత్రలు.

రోగుల సంగతికొస్తే, మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగినవాళ్లలో చనిపోయే ముప్పు 61 శాతం తక్కువగా కనిపించింది. ఈ అంకెని నేను కాస్త జాగ్రత్తగానే చూస్తాను. రోగులందరికీ సరుకులు అందాయి కాబట్టి, ఇక్కడ పోలిక బరువు పెరిగినవాళ్లకీ పెరగనివాళ్లకీ మధ్య. జబ్బు తక్కువగా ఉన్నవాడికి ఆకలి త్వరగా వస్తుంది, వాడే బరువు పెరుగుతాడు, వాడే బతుకుతాడు. తిండే కాపాడిందని పూర్తిగా చెప్పలేం. ఇంట్లోవాళ్ల విషయంలో వచ్చిన ఫలితానికి మాత్రం ఆ సందేహం లేదు. ప్రభుత్వం 2018లో టీబీ రోగికి నెలకి 500 రూపాయలు పోషణ కోసం ఇవ్వడం మొదలుపెట్టి, 2024 నవంబరు నుంచి 1,000 చేసింది. అంటే తిండి కూడా చికిత్సేనని కనీసం టీబీ విషయంలో ఒప్పుకున్నట్టే. మిగతా జబ్బుల్లో ఇంకా అక్కడిదాకా రాలేదు.

కుట్లూ కందిపప్పూ

ఆ వారమే మా పెద్దమ్మ ఫోన్ చేసింది. పెదనాన్నకి కడుపు ఆపరేషన్ అయి ఇంటికొచ్చారు. ఏం పెడుతున్నావంటే పొద్దున రెండు ఇడ్లీ, మధ్యాహ్నం బీరకాయ కూరతో మెత్తటి అన్నం, రాత్రికి చారన్నం, పల్చటి మజ్జిగ. పప్పు పెట్టకూడదు, చీము పడుతుంది. గుడ్డు వేడి. వంకాయ, గోంగూర సంగతి ఎత్తే పనే లేదు. పప్పుకీ చీముకీ సంబంధం లేదు పెద్దమ్మా, కుట్లు మానడానికే పప్పూ గుడ్డూ కావాలి అన్నాను. "చదువు నీది తల్లీ, కుట్లు మీ పెదనాన్నవి" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఆవిడ చెప్పిన భోజనాన్ని మనసులోనే లెక్కేశాను. అందులో ప్రొటీన్ రోజు మొత్తానికి ఎలా కూడినా 20, 25 గ్రాములు దాటదు. జబ్బేమీ లేని మనిషికే కిలో బరువుకి 0.83 గ్రాములు కావాలని మన వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్, పోషకాహార సంస్థ ఎన్ఐఎన్ లెక్క. అరవై కిలోల మనిషికి 50 గ్రాములు. ఆపరేషన్ తర్వాత 70 గ్రాములకి తగ్గకూడదు. అంటే కోలుకోవాల్సిన మనిషికి కావలసినదాంట్లో మూడో వంతు వెళ్తోంది. మిగతాది శరీరం ఎక్కడి నుంచి తెచ్చుకుంటుంది? తొడల కండ నుంచి, భుజాల నుంచి. ఆపరేషన్ అయిన నెలకి "మనిషి సగమైపోయాడు" అని చుట్టాలు అనేది దీన్నే. అందరూ ఆపరేషన్ వల్ల అనుకుంటారు.

చివరికి బేరానికి దిగాను. కందిపప్పు వద్దన్నవాళ్లు కూడా పెసరపప్పుకి అడ్డు చెప్పరు, అది చలవ. సరే పెసరపప్పే పెట్టు, కానీ కట్టు పేరుతో పైన తేరిన నీళ్లు పొయ్యకు, అడుగున పప్పుతో సహా ముద్దగా పెట్టు అన్నాను. పల్చటి మజ్జిగ బదులు గట్టి పెరుగు. రాత్రి పడుకునే ముందు గ్లాసు పాలు. గుడ్డు మాత్రం ఆవిడ ఒప్పుకోలేదు. ఈ బేరంతో లెక్క 45 గ్రాముల దాకా వచ్చింది.

పథ్యాన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేయడం నాకు ఇష్టం ఉండదు. అందులో నాకు నచ్చే భాగం ఒకటుంది. రోగి భోజనం మిగతావాళ్ల భోజనం లాంటిది కాదని, దానికి విడిగా పొయ్యి మీద ఒక గిన్నె పెట్టాలని మన ఇళ్లలో ఆడవాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. వేళకి, వేడిగా, మెత్తగా పెట్టడం, పక్కన కూర్చుని తినిపించడం మా ఆస్పత్రి క్యాంటీన్ ఎప్పటికీ చేయలేని పని. ఆ శ్రద్ధంతా ఉండి, గిన్నెలో పప్పు మాత్రం లేకపోవడమే నా బాధ. బాలింతల విషయంలో అయితే ఇది మరీ విడ్డూరం. తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలో గర్భిణికీ బాలింతకీ రోజూ భోజనంతో పాటు గుడ్డూ పాలూ ఇస్తారు. ఆ పిల్ల ఇంటికొస్తే వెల్లుల్లి కారంతో రెండు ముద్దలు పెట్టి, నీళ్లు కూడా కొలిచి ఇచ్చే ఇళ్లు ఇంకా ఉన్నాయి. పాలిచ్చే తల్లికి నీళ్లు కొలవడం!

కామెర్లకి పసరు వేయించి, ఉప్పూ నూనే లేకుండా రోజుల తరబడి మజ్జిగన్నం మీద ఉంచడం కూడా చూస్తూనే ఉంటాం. అక్కడ ఇంట్లోవాళ్లనే అనడానికి లేదు. లివర్ పాడైన రోగి మగతగా మాట్లాడితే ప్రొటీన్ ఆపేయమని ఒకప్పుడు వైద్యమే చెప్పింది. 2004లో స్పెయిన్‌లో అలాంటి రోగులకి మామూలుగా ప్రొటీన్ ఇచ్చి చూస్తే మగత ఏమీ ఎక్కువ కాలేదు. ఇప్పుడు లివర్ గట్టిపడిపోయే సిరోసిస్‌లో కిలోకి 1.2 నుంచి 1.5 గ్రాములు, పైగా రాత్రి పడుకోబోయే ముందు తప్పకుండా ఏదో ఒకటి తినిపించమని మార్గదర్శకాలు చెబుతున్నాయి. పాత మాట వార్డుల్లోంచి పోవడానికి మాత్రం ఏళ్లు పట్టింది. పథ్యం వంటింట్లోనే ఉందనుకుంటే పొరపాటు.

డయాలసిస్ మొదలయ్యాక కూడా పాత చార్టే

నా వాదనకి అన్నిటికన్నా బలమైన సాక్ష్యం డయాలసిస్ గదిలో దొరుకుతుంది.

కిడ్నీలు దెబ్బతింటున్న దశలో, డయాలసిస్ దాకా వెళ్లక ముందు, ప్రొటీన్ తగ్గించమని చెప్తాం. కిలోకి 0.6 నుంచి 0.8 గ్రాములు. ఇంటిల్లిపాదీ ఆ మాటని నిష్ఠగా పాటిస్తారు. మాంసం బంద్, గుడ్డు బంద్, పప్పు వారానికోసారి. కొన్నేళ్లకి డయాలసిస్ మొదలవుతుంది. అప్పుడు లెక్క తలకిందులవుతుంది. ప్రతి సిట్టింగ్‌లోనూ రక్తంలోంచి కొన్ని గ్రాముల అమైనో ఆమ్లాలు, అంటే ప్రొటీన్ ముక్కలు, మెషిన్‌లోకి పోతాయి కాబట్టి, కిలోకి 1.0 నుంచి 1.2 గ్రాములు తినాలి. నిన్నటిదాకా తింటే కిడ్నీ పోతుందన్న గుడ్డు ఇవాళ తినకపోతే మనిషి పోతాడు. ఈ మలుపు ఎవరూ గట్టిగా చెప్పరు. కిడ్నీ డాక్టరుకి టైముండదు, టెక్నీషియన్ పని అది కాదు, డైటీషియన్ డయాలసిస్ గదికి వారానికోసారి వస్తే గొప్ప. పాత చార్టే నడుస్తుంటుంది.

ఉద్దానం వైపు నుంచి వచ్చే ఒకాయన గుర్తొస్తారు. కవిటి దగ్గర పల్లె, కొబ్బరితోటల్లో కూలి. డయాలసిస్ మీద ఏడాది దాటింది. ఆయన భార్య రిపోర్టు చేతిలో పట్టుకుని సంతోషంగా వచ్చింది, కిడ్నీ పనితీరు చూడ్డానికి రక్తంలో కొలిచే క్రియాటినిన్ బాగా తగ్గిందట. "మీ చార్టు మహిమే అమ్మా" అంది. నాకు గుండె జారింది. క్రియాటినిన్ కండలోంచి వస్తుంది. డయాలసిస్ మీద ఉన్న మనిషికి, మెషిన్ టైము మారకుండా, అది మెల్లగా దిగిపోతోందంటే చాలాసార్లు కిడ్నీ బాగవుతున్నట్టు కాదు, కండ కరిగిపోతున్నట్టు. బరువు చూస్తే పాత అంకే. కండ పోయిన చోట నీరు చేరింది. మెషిన్ మీద పెట్టే టార్గెట్ బరువు, అంటే అదనపు నీరు తీసేశాక ఉండాల్సిన బరువు, ఎవరూ మార్చలేదు. పై చెయ్యి పట్టుకుని చూస్తే తెలిసిపోయింది. ఆమెకి ఏమని చెప్పను? ఏడాదిగా తను పెట్టని గుడ్ల గురించా? మీరు బాగా చూసుకుంటున్నారమ్మా, ఇకనుంచి రోజుకి మూడు గుడ్ల తెల్లసొన మందులాగా పెట్టాలి, కొత్త రూలు వచ్చింది అని చెప్పాను. రూలు కొత్తదేమీ కాదు.

ఇలాంటి ఇళ్లలోనే అల్మరాలో ప్రొటీన్ పౌడర్ డబ్బా కనిపిస్తుంది. మందుల షాపులో అమ్మేది కాబట్టి అది మందు, గుడ్డు మాత్రం తిండి. డబ్బా త్వరగా అయిపోతుందని రోజుకి ఒక చెంచా పాలల్లో కలుపుతారు. ఆ చెంచాలో ఎంత ప్రొటీన్ ఉందో వెనకవైపు చదవమంటే చాలామంది మొదటిసారి చదువుతారు. డబ్బాలకి నేను పూర్తిగా వ్యతిరేకం కాదు. నమలలేనివాళ్లకీ, ట్యూబ్ ఫీడ్ వాళ్లకీ అవే దిక్కు. నోరు బాగున్న మనిషికి గుడ్డు ఆపి డబ్బా కొనడమే నాకు అర్థం కాదు.

తిరిగొచ్చే ప్లేట్లు

వార్డులో భోజనాలు పంపే టైముకి అందరూ రౌండ్‌కి వెళ్తారు. నేను ప్లేట్లు తిరిగొచ్చే టైముకి వెళ్లడం అలవాటు చేసుకున్నాను. కేస్ షీట్‌లో కనిపించని సంగతులు అక్కడ కనిపిస్తాయి.

డెబ్బై దాటిన ఒకావిడకి షుగర్, బీపీ, కిడ్నీ కాస్త వీక్, తుంటి ఎముక విరిగింది. షీట్‌లో డైట్ ఆర్డర్ ఇలా ఉంది: డయాబెటిక్, సాల్ట్ తక్కువ, రీనల్ (కిడ్నీకి), సాఫ్ట్, హై ప్రొటీన్. నలుగురు డాక్టర్లు నాలుగు రోజుల్లో ఇవన్నీ చేర్చారు. పాతది కొట్టేయాలని ఎవరికీ అనిపించలేదు. క్యాంటీన్ వాళ్లు తమ శక్తికొద్దీ వండారు. ఉప్పు లేని రవ్వ ఉప్మా, నీళ్ల పప్పు, ఉడికించిన సొరకాయ. ఆవిడ రెండు చెంచాలు తిని పక్కకి తోసేసింది. నర్సు చార్టులో "డైట్ గివెన్" అని రాసింది. ఇచ్చిన మాట నిజమే. తినని భోజనంలో ఉప్పు ఎంత తక్కువుంటే ఎవరికి లాభం? ఆవిడ కూతుర్ని పక్కకి పిలిచి, రేపటి నుంచి ఇంట్లో వండి కాస్త ఉప్పూ నిమ్మరసం వేసి తెమ్మన్నాను. బీపీ ఆరు పాయింట్లు పెరిగితే మాత్ర సర్దుకోవచ్చు. ఈ వయసులో తుంటి విరిగిన మనిషి రెండు వారాలు తినకపోతే మళ్లీ లేచి నడవడం కష్టం. డ్యూటీ డాక్టరుకి ఇది నచ్చలేదు, ఆ మాట నాతోనే అన్నారు.

నేను ఆ రోజు ఆయనకి చెప్పాలనుకున్నది స్విట్జర్లాండ్‌లో జరిగిన ఎఫర్ట్ అధ్యయనం గురించి. ఎనిమిది ఆస్పత్రుల్లో పోషణ లోపం ముప్పు ఉన్న రెండు వేల మందికి పైగా రోగుల్ని తీసుకుని, సగం మందికి మామూలు ఆస్పత్రి భోజనం, సగం మందికి డైటీషియన్ విడిగా లెక్కకట్టి, వాళ్లకి నచ్చేలా మార్చి, తిన్నారో లేదో వెంటపడి చూసే భోజనం. నెల రోజుల్లో మరణాలు మొదటి గుంపులో 10 శాతం, రెండో గుంపులో 7 శాతం. 2019లో వచ్చింది. మా వృత్తికి ఇంతకన్నా మంచి రుజువు నాకు తెలీదు.

షుగర్ వాళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. అన్నం మానేసి మూడు చపాతీలో, రెండు జొన్నరొట్టెలో, కొర్రల అన్నమో తింటున్నాం అని చెప్తారు. పక్కన పప్పు ఎంత, కూర ఎంత అంటే సమాధానం ఉండదు. 2025లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అనే దేశవ్యాప్త షుగర్ సర్వే విశ్లేషణ ప్రకారం మనవాళ్ల కేలరీల్లో 62 శాతం పిండి పదార్థాల నుంచే. మొత్తం తగ్గించకుండా బియ్యం బదులు గోధుమో చిరుధాన్యమో మార్చినంత మాత్రాన షుగర్ వచ్చే ముప్పు తగ్గినట్టు కనిపించలేదు. పిండి పదార్థం కాస్త తగ్గించి, ఆ చోటుని పప్పుల, పాల ప్రొటీన్‌తో నింపిన లెక్కలోనే తగ్గింది. ఏది మానేశావన్నది కాదు, దాని బదులు కంచంలోకి ఏం వచ్చిందన్నది చూడాలి.

మరి పెట్టకూడనివి లేవా?

ఉన్నాయి. ఈ వాదన నేను చెప్పినంత సాఫీగా లేదు.

అదే డయాలసిస్ గదిలో, శుక్రవారం సిట్టింగ్ అయి సోమవారం దాకా మెషిన్ ఎక్కని మనిషి ఆదివారం రెండు కొబ్బరిబోండాలు తాగితే పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు. ఉద్దానంలో, కోనసీమలో కొబ్బరినీళ్లు వద్దనడం ఎంత కష్టమో అక్కడ పని చేసినవాళ్లకి తెలుసు. అయినా వద్దనాల్సిందే. బీపీకి మంచిదని కొనే లో సోడియం ఉప్పులో సోడియం బదులు ఉండేది పొటాషియమే. కిడ్నీ రోగి ఇంట్లో అది ఉండకూడదు. ఆకుకూరలు ముక్కలు చేసి ఉడికించి ఆ నీళ్లు పారబోయమని చెప్పడం కూడా మా పనే. ఇవన్నీ ఎర్ర వరుసలోవే, నేను ఒక్కటీ కొట్టేయను.

ఇంకో సందేహం పెట్టడం మీదే. ఎన్నో రోజులుగా సరిగ్గా తిండి లేని మనిషికి మొదటి రోజే బలంగా పెట్టేస్తే రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. కొద్దికొద్దిగా, రక్తపరీక్షలు చూసుకుంటూ పెంచాలి. ఐసీయూలో అయితే ఎక్కువ పెడితే ఎక్కువ మేలు అన్న మాట నిలబడలేదు. ఎఫర్ట్ పేరుతోనే 2023లో ఇంకో అధ్యయనం వచ్చింది. వెంటిలేటర్ మీదున్నవాళ్లకి కిలోకి 2.2 గ్రాములో అంతకన్నా ఎక్కువో ప్రొటీన్ ఇచ్చి చూస్తే లాభం లేదు, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి నష్టమే జరిగి ఉండొచ్చని తేలింది. మొదటి ఎఫర్ట్‌ని నేను ఎంత ఇష్టంగా చెప్తానో, రెండోదాన్ని అంత ఇష్టంగా చెప్పను. అయినా రెండూ కలిపి చూస్తే నా మాట మారదనే అనుకుంటున్నాను. రెండింట్లోనూ ప్రశ్న ఎంత అనే.

స్టాంపు

మా ఆస్పత్రిలో ఒక సీనియర్ సర్జన్‌ని కొన్నాళ్లుగా ఒకటే అడుగుతున్నాను. డిశ్చార్జ్ సమ్మరీలో ప్రతి మాత్రకీ పేరు, మోతాదు, పూటలు ఉంటాయి. తిండి దగ్గరికొచ్చేసరికి "సాఫ్ట్ డైట్" అని రెండు మాటలు. పప్పు ఇన్ని కప్పులు, గుడ్లు ఇన్ని, పెరుగు ఇంత అని మందుల పక్కనే రాయండి, మీ సంతకం కింద. నేను వంద చెప్పినా వినని పెద్దమ్మలు మీరు ఒక్క లైను రాస్తే వింటారు. ఆయన కాదనలేదు, చెయ్యి నొప్పి అన్నారు. సరే అని రబ్బరు స్టాంపు చేయించాను. ఖాళీలు ఉంటాయి, అంకెలు నింపితే చాలు.

ఆయన చూసి మంచి ప్రశ్నే వేశారు. ఈ స్టాంపు హౌస్ సర్జన్ చేతికిస్తే, డయాలసిస్ దాకా వెళ్లని కిడ్నీ రోగి కాగితం మీద కూడా రోజుకి మూడు గుడ్లు అని గుద్దేస్తాడు కదా, అప్పుడు ఎవరిది పూచీ? నిజమే. అందుకని నేను రోగిని చూసి, బరువు తూచి, క్రియాటినిన్ చూశాకే ముద్ర వెయ్యాలని ఒప్పందం. స్టాంపు నా డెస్కులోనే ఉంటుంది. అన్ని ఫ్లోర్లకీ కలిపి మేం ఇద్దరమే కాబట్టి మెడికల్ వార్డులకి ఇంకా మొదలుపెట్టలేదు, సర్జరీ వార్డులో మాత్రం నడుస్తోంది. ఆదివారాలు, పండగలప్పుడు డిశ్చార్జ్ అయ్యేవాళ్లు పాత చార్టుతోనే ఇంటికెళ్తున్నారు. మూడో పోస్టు కోసం పెట్టిన కాగితం అడ్మినిస్ట్రేషన్‌లో ఉంది.